చిట్టీలో రాయని మన్ను

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు. ఈ సామెత ఎవరితో అంటున్నదో వేరే చెప్పక్కర్లేదు. కట్టేవాడూ మగవాడే, చేసేవాడూ మగవాడే. కట్టిన ఇంటిని ఎండకూ వానకూ నిలబెట్టే మనిషి మన నోటి సాహిత్యంలో ఇంకో చోట కనిపిస్తుంది, అదీ ఈగ రూపంలో. ఇల్లలుకుతూ తన పేరు తానే మరిచిపోయిన ఈగ. పి. సత్యవతి గారు 'ఇల్లలకగానే' కథ రాశాక ఆ ఈగ మనలో చాలామందికి అద్దమైంది. ఆ కథ గురించి ఎప్పుడు మాట్లాడుకున్నా పేరు మరిచిపోవడం గురించే మాట్లాడుకుంటాం. అది సహజమే. నాకు మాత్రం చాన్నాళ్లుగా ఆ మొదటి మాట దగ్గరే కాసేపు ఆగాలని ఉంది. అలకడం. ఇంటిని శుభ్రం చేసుకోవడమే అలకడమని చాలామంది అనుకుంటారు. మట్టి ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి, అలకడం ఇల్లు కట్టడంలో భాగమని నాకు తెలుసు. ఆ ఇల్లు ఉన్నన్నాళ్లూ ఆగకుండా సాగే కట్టడం అది.

మాది నారాయణఖేడ్. మేం ఖేడ్ అనే అంటాం. ఖేడ్ మరాఠీ మాట, ఊరు అని అర్థం. 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో బీదరు జిల్లాకు మాది ఒక తాలూకా. ఆ సంవత్సరం నవంబరు 1న భాషను బట్టి రాష్ట్రాలు ఏర్పడినప్పుడు బీదరు జిల్లా మూడు ముక్కలయింది. కన్నడ తాలూకాలు మైసూరుకు, మరాఠీ తాలూకాలు బొంబాయికి పోగా, మేమూ జహీరాబాదూ వచ్చి మెదక్ జిల్లాలో కలిశాం. 2016 అక్టోబరు నుంచి మాది సంగారెడ్డి జిల్లా. జిల్లాల పేర్లు ఎన్ని మారినా ఇళ్లకు వాడే సామాను మాత్రం చాలాకాలం మారలేదు. ఎద్దుబండి ఎంత దూరం పోయి రాగలదో అంత దూరం నుంచే ఇంటికి కావలసినవన్నీ వచ్చేవి. అందుకే మా పాత ఊరి గోడలు చూస్తే చుట్టుపక్కల నేల ఎలాంటిదో తెలిసిపోయేది.

లేనివాళ్ల గుడిసెలకు కందికట్టె తడక. కంది కోసి కొట్టాక మిగిలిన కట్టెను అల్లి నిలబెట్టి, రెండు వైపులా పెండ కలిపిన మన్ను మెత్తేవాళ్లు. కొంచెం ఉన్నవాళ్లకు మట్టి గోడల మీద గూన పెంకులు. ఇంకొంచెం ఉన్నవాళ్లకు మిద్దె. మిద్దె అంటే దూలాలు, దూలాల మీద దంతెలు, దంతెల మీద చిన్న కర్రలు, వాటి మీద ఆకు, ఆపైన జానెడు మందం మన్ను. నేలకు షాబాదు బండలు వేసుకున్నవాళ్లు షావుకార్ల కింద లెక్క. ఇక పునాదికి, గోడ కింది వరసలకు ఎర్రరాయి. మాకు పడమటి వైపున్న బీదరు, దక్షిణాన ఉన్న జహీరాబాదు ఈ రాయి మీదే కూర్చున్న ఊళ్లు. నేలలో ఉన్నప్పుడు పనిముట్టుతో ముక్కలుగా కోసుకునేంత మెత్తగా ఉండి, బయటికి తీసి గాలి తగలనిచ్చిన కొద్దీ గట్టిపడే రాయి ఇది. 1807లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో ఫ్రాన్సిస్ బుకానన్, మలబారులో చూసిన ఇలాంటి రాయికి లాటరైట్ అని పేరు పెట్టాడు. లాటిన్‌లో లేటర్ అంటే ఇటుక. కోసిన చోటే ఇటుకగా దొరికే రాయి కనక ఆ పేరు. పదిహేనో శతాబ్దంలో బీదరు రాజధాని అయినప్పుడు కోట గోడలకెక్కిందీ ఈ రాయే, మా ఇంటి పునాదిలో ఉన్నదీ ఈ రాయే.

ఈ ప్రతి వస్తువుకూ ఒక పనివాడు ఉన్నాడు. రాయికి వడ్డెరవాళ్లు, కట్టెకు వడ్లాయన, పెంకుకు కుమ్మరి, గోడకు సుతారి. ఎవరి పని వాళ్లదే, ఎవరి కూలి వాళ్లదే. వడ్లాయన ఫలానా, సుతారి ఫలానా అని మా నాయినమ్మ కూడా పేర్లతో చెప్పేది. ఇంత చెప్పాక ఇల్లు పూర్తయినట్టే అనిపిస్తుంది. కానీ మట్టి ఇల్లు సుతారి దిగిపోయిన రోజున పూర్తి కాదు.

బంకమన్ను ఆరితే కుంచించుకుపోతుంది, బీటలు పడుతుంది. బీటలోకి వాన నీళ్లు పోతే గోడ లోపలి నుంచి కరిగిపోతుంది. అందుకే గోడ మీద ఎప్పటికప్పుడు ఒక పొర పూస్తూ ఉండాలి. వాన ఆ పొరను తింటుంది, గోడను వదిలేస్తుంది. తిన్న పొర మళ్లీ పూయాలి. పూసే మన్నులో పెండ ఎందుకు కలుపుతారంటే, పశువు కడుపులో అరగని గడ్డి పీచు అందులో ఉంటుంది. ఆ పీచు మన్నును పట్టి ఉంచుతుంది, బీటలు తగ్గిస్తుంది. పొట్టు కలిపేదీ అందుకే. ఎంత మన్నుకు ఎంత పెండ, ఎన్నాళ్లు నానబెట్టాలి, ఎంత పల్చగా లాగాలి, ఏ గోడకు పొద్దున పూయాలి, ఏ గోడకు పొద్దు వాలాక పూయాలి, ఇదంతా చేతికి తెలిసిన విద్య. సుతారి విద్యకు ఇది ఏ మాత్రం తీసిపోదు. మా ఇంట్లో వారం వారం నేల అలుకుడు. ఉగాదికీ దసరాకూ గోడలు పూసుడు. కింద జాజు, పైన సున్నం. మృగశిర రాకముందే మిద్దె మీద మన్ను సరిచేసుడు. సరిచెయ్యకపోతే మిద్దె ఉరుస్తుంది, ఉరిస్తే దూలం కుళ్లుతుంది. రోజూ పొద్దున వాకిట్లో సాన్పి సరేసరి. ఇదంతా చేసింది నాయినమ్మ, అమ్మ, చిన్నమ్మ, అందరికంటే ఎక్కువగా మా మేనత్త.

ఈ పనిని నేను కొత్త కళ్లతో చూసింది మాత్రం ఒక పరాయి దేశం పుస్తకాల వల్ల. ఎం.ఏ. చదివేటప్పుడు యూరపు చరిత్రలో భాగంగా మధ్యయుగాల ఇంగ్లండు పట్టణాల గురించి చదవాల్సి వచ్చింది. రాజులు, చర్చి, గిల్డులు అన్నీ అయ్యాక ఇళ్ల గురించి కొన్ని పేజీలు. లండన్ అంటే రాతి కోటలే ఊహించుకున్న నాకు ఆ పేజీలు మా వాడలోకే వచ్చినట్టున్నాయి. అక్కడి పట్టణాల్లో మామూలు ఇల్లంటే ఓక్ చెక్కతో ఒక చట్రం. చట్రం ఖాళీల్లో సన్నని కొమ్మలతో అల్లిన తడక. ఆ తడకకు రెండు వైపులా బంకమన్ను, గడ్డి, ఆవుపెండ కలిపి మెత్తి, ఆరాక సున్నం పూసేవాళ్లు. కప్పుకు గడ్డి లేదా రెల్లు. మంచి రాయి దొరకని చోట్ల రాతి కట్టడం చర్చికీ, దొరలకూ, బాగా సంపాదించిన వర్తకులకూ మాత్రమే సాధ్యం. 1174లో కాలిపోయిన కాంటర్బరీ పెద్ద చర్చిని తిరిగి కట్టడానికి సముద్రం అవతల నార్మండీలోని కాన్ నుంచి రాయి తెప్పించారు. అదే కాలంలో మామూలు మనిషి తన పెరటి మన్నుతో ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇళ్లు ఎక్కువ మిగలలేదు. కాలిపోయిన ఇళ్ల మన్ను మాత్రం కుండలా గట్టిపడి, తడక కర్రల అచ్చులతో తవ్వకాల్లో దొరుకుతూ ఉంటుంది. మంటల్లో పడ్డ గోడే మిగిలిందన్న మాట.

ఆ మంటల వల్లే అక్కడ ఇళ్ల సామాను గురించి చట్టాలు వచ్చాయి. పన్నెండో శతాబ్దం చివర లండన్‌లో, ఇంటికీ ఇంటికీ మధ్య గోడ రాతితో కడితే మూడడుగుల మందం, పదహారడుగుల ఎత్తు ఉండాలని నియమం పెట్టారు. 1212లో పెద్ద అగ్నిప్రమాదం జరిగాక రెల్లు, గడ్డి కప్పులు కొత్తగా వేయకూడదని, పెంకో చెక్క పలకలో సీసమో వేసుకోవాలని, ఉన్న గడ్డి కప్పులకు గచ్చు పూయాలని ఆజ్ఞ వచ్చింది. యార్క్‌లో 1357లో కొందరు స్త్రీపురుషులు కలిసి ఒక సంఘంగా ఏర్పడి కట్టడం మొదలుపెట్టిన పెద్ద హాలు ఇప్పటికీ ఉంది. కింద ఇటుక, పైన ఓక్ చట్రం. ఆ కాలంలో అక్కడ ఇటుక కొత్త వస్తువు. మా బాల్యంలో ఖేడ్‌లో ఒక్కో ఇంటికీ ఆర్.సి.సి. స్లాబు పడుతుంటే ఊరంతా చూసినట్టే అప్పట్లో వాళ్లూ చూసి ఉంటారు.

నన్ను ఆపేసింది మాత్రం ఇంకో చట్టం. 1348లో మొదలైన ప్లేగు జనాన్ని ఊడ్చేశాక, బతికిన కూలీలు ఎక్కువ కూలి అడుగుతున్నారని 1351లో ఇంగ్లండు పార్లమెంటు కూలిరేట్లు నిర్ణయిస్తూ ఒక చట్టం చేసింది. కూలీల నోరు కట్టేసే చట్టమే అది. అందులో ఇళ్లు కట్టేవాళ్ల జాబితా ఉంది. పెంకులు కప్పేవాడికి రోజుకు మూడు పెన్నీలు, వాడి కింద పనిచేసేవాడికి ఒకటిన్నర. గడ్డి కప్పేవాడికీ అంతే, వాడి సహాయకుడికీ అంతే. ఆ తర్వాత గచ్చు పూసేవాళ్లు, మట్టి గోడల పనివాళ్లు, వాళ్ల సహాయకులు. వాళ్లకూ అదే రేటు. మట్టి గోడ పని ఒక రాజ్యపు చట్టంలోకి, కూలిరేటుతో సహా ఎక్కడం నేను చదివిన చరిత్రలో అదే మొదటిసారి.

ఆ చట్టంలో సహాయకుడికి వాడిన మాట మగవాడిని సూచించే మాట. కానీ ఆ కాలపు ఖర్చుల పుస్తకాల్లో గడ్డి కప్పేవాడికి గడ్డి అందించిన ఆడమనిషి, నీళ్లు మోసిన ఆడమనిషి, నాచూ గడ్డీ ఏరి తెచ్చిన ఆడమనిషి కనిపిస్తారు. చాలా చోట్ల పేరుండదు, పని ఉంటుంది, ఇచ్చిన డబ్బు ఉంటుంది. ఎందుకు కనిపిస్తారంటే డబ్బు ఇచ్చారు కాబట్టి. ఖర్చు పెట్టింది రాసుకోవాలి కాబట్టి. ఇక్కడే నాకు మా ఇల్లు అర్థమైంది. అక్కడా ఇక్కడా అదే మన్ను, అదే పెండ, అదే తడక. అక్కడి పట్టణంలో మన్ను మెత్తడం కూలికి చేసే పని, కనక అది లెక్కకెక్కింది. మా ఇంట్లో అది ఆడవాళ్లు పొద్దున్నే లేచి చేయాల్సిన పని. కూలి లేదు, కనక లెక్క లేదు. లెక్క లేని పనిని పని అనరు, అలవాటు అంటారు. ఇంకొంచెం ప్రేమగా అయితే ఇల్లాలి లక్షణం అంటారు.

లెక్క లేకపోవడం వల్ల పోయేది గౌరవం ఒక్కటే అయితే ఇంత రాయనవసరం లేదు. ఇంకా ముఖ్యమైనది పోతుంది. అది మా మేనత్త విషయంలో చూశాను.

మేనత్త నాన్నకు అక్క. పెళ్లయిన నాలుగేళ్లకు, పిల్లలు లేరని భర్త ఇంకో పెళ్లి చేసుకుంటే, ట్రంకు పెట్టెతో పుట్టింటికి వచ్చింది. అప్పటికి నేను పుట్టలేదు. వచ్చిన రోజు నుంచి ఆ ఇంట్లో అలుకుడూ పూసుడూ ఆమెదే. ఎవరూ ఆమెకు అప్పజెప్పలేదు, ఆమె ఎవరినీ అడగలేదు. ఊరికే కూర్చుని తింటున్నదనే మాట పడకుండా ఉండడానికి ఆమె వేసుకున్న గోడ అది. ముప్పై ఏళ్లకు పైగా పూసింది. గోడ పెచ్చు ఊడినప్పుడు పక్కనుంచి చూస్తే ఎరుపు, తెలుపు, ఎరుపు, తెలుపు సన్నటి పొరలు కనిపించేవి. చెట్టు వయసు లెక్కపెట్టినట్టు నేను ఆమె సంవత్సరాలు లెక్కపెట్టేదాన్ని.

2004 ఎండాకాలంలో ఆ ఇల్లు విప్పాలని నాన్న, చిన్నాయన నిర్ణయించారు. జాగా చెరి సగం చేసుకుని ఎవరి ఇల్లు వాళ్లు స్లాబు వేసుకోవాలని. విప్పిన సామాను పంచుకోవడానికి చిన్నాయన నోట్‌బుక్ కాగితం మీద చిట్టీ రాశాడు. దూలాలు ఎన్ని, దంతెలు ఎన్ని, దర్వాజలు ఎన్ని, షాబాదు బండలు ఎన్ని, పనికొచ్చే పెంకులు ఎన్ని, ఎర్రరాయి ఎన్ని ట్రాక్టర్లు. సాయంత్రం అందరం కూర్చున్నాక చదివి వినిపించాడు. ఒక్కొక్కటి రెండుగా భాగమవుతున్నది. అంతా విన్నాక మేనత్త అడిగింది.

"మన్ను రాయలేదేందిరా తమ్మీ?"

"మన్నెవరు రాస్తరే అక్కా!" అన్నాడు చిన్నాయన. అందరూ నవ్వారు. మేనత్త కూడా నవ్వింది.

మన్నును పారబోయలేదు. పాత గోడల మన్ను చేనుకు మంచి ఎరువు. ఏళ్ల తరబడి పెండ, బూడిద, పొట్టు పీల్చుకున్న పాటిమన్ను అది. ట్రాక్టర్ల కొద్దీ మోసి చేన్లో పోశారు. ఆ ఏడు ఆ చెలకలో కంది బాగా కాసిందని నాన్న చాలాసార్లు చెప్పాడు. అంటే చిట్టీలో రాయదగ్గ విలువ ఆ మన్నుకూ ఉంది. ఆ విలువలో మేనత్త చేతి పని ఉంది. అయినా దూలాలు, దర్వాజలు, మన్ను, చేను, జాగా అన్నీ రెండు భాగాలే అయ్యాయి, మూడు కాలేదు. "అక్కకు తిండికి లోటు జేస్తమా?" అని నాన్న అన్నాడు. నిజంగానే చేయలేదు. ఆరు నెలలు మా ఇంట్లో, ఆరు నెలలు చిన్నాయన ఇంట్లో ఉండేది. తన పెట్టె మాత్రం రెండు ఇళ్ల మధ్య తిరుగుతూ ఉండేది. చాలా ఏళ్ల తర్వాత ఒకసారి నాతో అంది, "ఆ నడిమింటి దర్వాజ ఒక్కటి నాకిస్తరేమో అనుకున్న బిడ్డా. మళ్ల నాకే నవ్వొచ్చింది. దర్వాజ ఇస్తే మాత్రం, పెట్టుకునేటందుకు గోడేది?"

మా ఇంట్లో జరిగింది ఏదో ఒక కుటుంబపు కఠినత్వం అనుకుంటే పొరపాటు. నాన్న మంచివాడే. ఆయన చేసింది అప్పటి చట్టానికి లోబడి ఉంది. 1956 హిందూ వారసత్వ చట్టంలో 23వ సెక్షన్ అని ఒకటి ఉండేది. తండ్రి వీలునామా రాయకుండా చనిపోయి, ఆ ఇంట్లో కుటుంబమే పూర్తిగా కాపురం ఉంటే, ఆడ వారసులకు ఆ ఇంటిలో వాటా ఉన్నా, మగ వారసులు పంచుకుందామని అనుకునేదాకా పంపకం అడిగే హక్కు లేదు. ఉండే హక్కు మాత్రం ఉంది. కూతురికి అదీ అందరికీ లేదు. పెళ్లి కానిదై ఉండాలి, భర్త వదిలేసినదో, విడిపోయినదో, లేదా చనిపోయినదో అయి ఉండాలి. మేనత్త భర్త వదిలేసిన కూతురు. చట్టం ఆమెకు చూపించిన చోటు సరిగ్గా ఆమె ట్రంకు పెట్టె పెట్టుకున్న మూలే. పైగా మగవాళ్లు పంచుకున్న రోజున తన వాటా తానూ అడగవచ్చని ఆమెకు చెప్పినవాళ్లు లేరు. 1986లో ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది కానీ, అంతకుముందే పెళ్లయిపోయిన కూతుళ్లకు అది వర్తించలేదు. 23వ సెక్షన్ 2005 సెప్టెంబరు 9న పోయింది. అదే సవరణతో దేశమంతటా కూతుళ్లకు పుట్టుకతో ఉమ్మడి ఆస్తి హక్కు వచ్చింది. తండ్రి ఆ తేదీ నాటికి బతికి ఉన్నా లేకున్నా ఆ హక్కు ఉంటుందని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మా ఇల్లు విప్పింది ఆ సవరణకు ఏడాది ముందు. జరిగిపోయిన పంపకాన్ని ఎవరూ తిరగదోడలేదు.

ఇలాంటి మాట ఇంగ్లండు చరిత్రలోనూ నాకు ఎదురైంది. 1215 నాటి మాగ్నా కార్టా గురించి మనం స్కూల్లో ఎంతో గొప్పగా చదువుకున్నాం. అందులో ఏడో నిబంధన భర్త చనిపోయిన స్త్రీ గురించి. భర్త ఇంట్లో నలభై రోజులు ఉండవచ్చు, ఆలోగా ఆమెకు రావలసిన భాగం ఆమెకు కేటాయించాలి అని. నిజానికి ఆ కాలానికి అది రక్షణే. కానీ నలభై రోజులు అనే అంకె చదివినప్పుడు నేను పుస్తకం పక్కన పెట్టేశాను. ఏ ఇంట్లో ఎన్నేళ్లు ఏం పని చేసినా, ఇల్లు ఎవరిదనే ప్రశ్న వచ్చేసరికి ఆడమనిషికి లభించేది కొలిచి ఇచ్చిన ఉనికి. ఇన్ని రోజులు, ఈ మూల, ఈ షరతు మీద.

ఇంతవరకూ చదివినవాళ్లకు నేను మట్టి ఇళ్లు మళ్లీ రావాలంటున్నానని అనిపించవచ్చు. సిమెంటు వేడి గురించి, మట్టి చల్లదనం గురించి ఈ మధ్య చాలామంది రాస్తున్నారు. చల్లదనం నిజమే. మందమైన మట్టి గోడ పగటి వేడిని నెమ్మదిగా పీల్చుకుంటుంది, లోపలికి చేరేసరికి పొద్దు గుంకుతుంది. కానీ ఆ చల్లదనం ఎవరి నడుము మీద నిలబడిందో అడగకుండా ఆ మాట అనడం నాకు ఇష్టం లేదు. మా అమ్మను అడిగితే ఒకే మాట చెబుతుంది. "బండలు పడ్డంక నా మోకాళ్లు దక్కినయ్. మట్టిల్లు మంచిదన్నోళ్లను ఒక్క ఏడు అలకమను." ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు, ఉండాలని కూడా అనుకోను.

పైగా మా ఇంటి ఆడవాళ్ల కంటే కిందన ఇంకో ఆడమనిషి ఉంది. మేనత్త పూసిన ఎర్రమన్ను ఇంటికి నడిచి రాలేదు. ఊరి బయట గుంతలో తవ్వి, గంపకెత్తుకుని తెచ్చింది మాదిగవాడ నుంచి వచ్చే ఒక అవ్వ. పండుగ ముందు గుంతలు లోతవుతాయి. మీది మన్ను విరిగి పడి ఆడవాళ్లు చనిపోయిన ముచ్చట్లు మా చిన్నప్పుడు వింటూ పెరిగాం. ఆ అవ్వ గంప వాకిట్లో దించి వెళ్లేది, గడప దాటేది కాదు. ఆమె తెచ్చిన మన్నుతో పూసిన గోడల లోపలికి ఆమెకు ప్రవేశం లేదు. గింజలో పాత చీరో ఇచ్చేవాళ్లం. ఇంటి అలుకుడుకు లెక్క లేదని నేను అంటున్నప్పుడు, ఆ లెక్కలో మొదటి వరస ఆమెది కావాలి. పెద్ద పెద్ద గడీలకు మన్ను మోసిన వెట్టి ఆడవాళ్లది ఇంకా పొడుగైన వరస. 1986లో స్త్రీశక్తి సంఘటన వెలువరించిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను వాళ్ల నోటి నుంచే వినిపించింది. గోడల చరిత్ర కూడా ఎవరో ఒకరు అలా కూర్చుని వినాల్సిందే. రాళ్ల మీద శాసనాలుంటాయి. 1472లో మహమూద్ గవాను బీదరులో కట్టించిన మదర్సా మీద ఆయన పేరు నిలిచింది. మన్ను మీద రాసింది వానకు పోతుంది.

సిమెంటు వచ్చాక ఈ లెక్క సరి అయిందా అంటే, కాలేదు. మా ఖేడ్‌లో ఇప్పుడు స్లాబు వేసే రోజున చూడండి. మిల్లరు తిరుగుతుంటుంది, ఇసుక, కంకర తట్టలు ఆడవాళ్ల నెత్తి మీద ఉంటాయి. తాపీ మగవాడి చేతిలో ఉంటుంది. ముప్పై ఏళ్లు తట్ట మోసినా ఆమె సుతారి కాదు. సుతారి కూలి ఒకటి, ఆమె కూలి ఇంకొకటి. 1351 నాటి మూడు పెన్నీలూ ఒకటిన్నర పెన్నీ గుర్తుకొస్తాయి. ఇంటి ఆడవాళ్ల విషయానికొస్తే, అలుకుడు పోవడంతో శ్రమ తగ్గింది, సంతోషమే. దానితోపాటు ఇంటి కట్టడం గురించి ఒక మాట చెప్పే అధికారం కూడా పోయింది. ఏ గోడ బలహీనంగా ఉంది, ఎక్కడ ఉరుస్తుంది అని చెప్పగలిగింది ఒకప్పుడు మేనత్తే. నాన్న ఆమెను అడిగేవాడు. ఇప్పుడు ఇంజనీరును అడుగుతారు.

మారినవీ ఉన్నాయి. 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైన తెలంగాణ ఇందిరమ్మ ఇళ్ల పథకంలో, సొంత జాగా ఉన్న పేదలకు ఇల్లు కట్టుకోవడానికి ఐదు లక్షల రూపాయలు మంజూరు చేస్తున్నారు, అదీ ఇంటి ఆడమనిషి పేరు మీద. ఇది చిన్న విషయం కాదు. ఇంటి కాగితం మీద ఆమె పేరు ఉండడమంటే ఏమిటో, ట్రంకు పెట్టెతో తిరిగిన మనిషిని చూసినదాన్ని కాబట్టి నాకు తెలుసు. కానీ ఆ సొంత జాగా ఎవరి పేరు మీద ఉంది? మామగారిదో, భర్తదో అయితే, రేపు ఆమె బయటికి పోవాల్సి వస్తే జాగా అక్కడే ఉంటుంది, దాని మీదున్న ఇల్లూ అక్కడే ఉంటుంది. ఇంటి మీద పేరు రాసినప్పుడు కింది నేల మీద కూడా ఆ పేరు రాయాలి. మనం అడగవలసింది ఇదని నాకు అనిపిస్తుంది.

నేను ఇప్పుడు డిగ్రీ పిల్లలకు చరిత్ర చెబుతున్నాను. 2011 జనగణనలో ఇళ్ల జాబితా రాసేటప్పుడు నేల దేనితో, గోడ దేనితో, కప్పు దేనితో అని మూడు ప్రశ్నలు అడిగారు. మన్ను, రాయి, ఇటుక, పెంకు, కాంక్రీటు, అన్నిటికీ గడులున్నాయి. ఎవరు నిలబెడుతున్నారు అనే గడి లేదు. అందుకని ప్రతి ఏటా మా పిల్లలతో ఒక పని చేయిస్తాను. ఇంటికి పోయి, తాతల నాటి ఇల్లు ఏ సామానుతో కట్టారో జాబితా రాయమంటాను. ప్రతి సామానుకు ఎదురుగా అది ఎక్కడినుంచి వచ్చింది, ఎవరు తెచ్చారు, ఎవరు పూశారు, ఎన్నేళ్లు పూశారు రాయాలి. చివరి గడిలో ఇంటి పన్ను రసీదు ఎవరి పేరు మీద ఉందో రాయాలి. మొదట్లో మగపిల్లలు నవ్వుతారు. తర్వాత వాళ్లే ఎక్కువ రాసుకొస్తారు, ఎందుకంటే వాళ్లు నాయినమ్మతో ఇంతసేపు ఇంటి గురించి ఎప్పుడూ మాట్లాడి ఉండరు.

మొన్న ఒక తండా నుంచి వచ్చే అమ్మాయి తన కాగితం ఇచ్చింది. మన్ను, పెండ, కందికట్టె, రేకులు, అన్నిటికీ ఎదురుగా వాళ్ల నాయినమ్మ పేరే ఉంది. చివరి గడిలో తాత పేరు. దాని కింద పెన్సిలుతో చిన్నగా రాసింది, "తాత చనిపోయి పన్నెండేళ్లు అయింది మేడం. రసీదు ఇంకా ఆయన పేరు మీదే వస్తున్నది. మార్చడానికి ఏం కాగితాలు కావాలి?"

తరగతి అయ్యాక ఇద్దరం కూర్చుని ఆ కాగితాల జాబితా రాసుకున్నాం.